వణికిన చేతుల ఓట్లు

మా డాక్టర్ సుధీంద్ర గారికి ప్రజలంటే ఎంత ప్రేమంటే, వాళ్ళలో ఒక్కరి పక్కన కూడా కూర్చోకుండానే వాళ్ళ మనసులో ఏముందో కనిపెట్టే ఓటింగ్ యంత్రం తయారుచేశారు. దానికి ‘అంతరంగ’ అని పేరు పెట్టి, ఆ పేరు తనకే తట్టిందని టీవీల్లో చెప్పుకున్నారు. నిజానికి పేరు పెట్టింది వాళ్ళావిడ. ఆవిడ ఆ సంగతి ఎవరితోనూ అనలేదు. అలవాటైపోయి ఉంటుంది.

విశాఖపట్నంలో ఆయన నడిపే ప్రయోగశాలలో నేను ఇంజనీరుని. నా పేరు ఝాన్సీ, మాది కొత్తరేవు. చేపలోళ్ళ వీధి నుంచి వచ్చిన అమ్మాయిని ఉద్యోగంలో పెట్టుకున్నందుకు సుధీంద్ర గారు తనను తాను మెచ్చుకోని రోజు లేదు. వచ్చిన ప్రతి పెద్దమనిషికీ నన్ను చూపించి, "గ్రౌండ్ రియాలిటీ తెలిసిన పిల్ల" అనేవారు. ఆ గ్రౌండు గురించి మాత్రం నన్ను ఎప్పుడూ ఏమీ అడగలేదు.

అంతరంగ చేసే పని చెప్పడానికి తేలికే. ఓటరు ఎడమ అరచెయ్యి గాజు పలక మీద పెట్టాలి. కాసేపు ఊరికే ఉంచితే ఆ మనిషి చెయ్యి మామూలుగా ఎలా ఉంటుందో యంత్రం పట్టుకుంటుంది. తర్వాత కుడిచేత్తో కావలసిన గుర్తు నొక్కాలి. నొక్కే క్షణంలో నాడి అదిరినా, చెమట పట్టినా, వేళ్ళు సన్నగా వణికినా అది ఎవరో బెదిరిస్తే వేసిన ఓటని లెక్క. అలాంటి ఓటును ‘పరాధీనం’ అని ముద్రవేసి పక్కన పెట్టేస్తుంది. బెదిరించి ఓట్లు వేయించుకునేవాళ్ళ ఆట దీంతో కట్టు అని సుధీంద్ర గారి వాదన.

దీన్ని మొట్టమొదట మా కొత్తరేవు పురపాలక ఎన్నికల్లోనే వాడాలని నిర్ణయించారు. ఊరికే వాడితే జనం ఒప్పుకోరని ముందు టౌన్‌హాల్లో బహిరంగ పరీక్ష పెట్టారు. ఎవరైనా వచ్చి యంత్రాన్ని మోసం చెయ్యొచ్చు, ఏ ప్రశ్నైనా వెయ్యొచ్చు అని ఆటోలో మైకు పెట్టి ఊరంతా చాటించారు.

వచ్చారు మహానుభావులు. రిటైరైన కరెంటు ఇంజనీరు ఒకాయన ఇంట్లోంచి పెద్ద అయస్కాంతం తెచ్చి, యంత్రం చుట్టూ హారతి ఇచ్చినట్టు తిప్పాడు. ఒక పార్టీవాళ్ళు హైదరాబాదు నుంచి కంప్యూటర్ నిపుణుణ్ణి దింపారు. ఆయన టీవీ కెమెరా తనవైపు తిరిగినప్పుడల్లా ల్యాప్‌టాప్ మీద టకటకలాడించి, కెమెరా పోగానే మిరపకాయ బజ్జీలు తిన్నాడు. ఇంకో నాయకుడు పలక మీద చెయ్యి పెట్టేముందు దానికి నిమ్మకాయతో దిష్టి తీయించాడు. ఎవరు ఏం చేసినా ఓటు నొక్కిన గుర్తుకే పడింది. ప్రతివాడికీ ఒకటే అనుమానం, తన ఓటు పక్కవాడికి పోతుందేమోనని. అంతకుమించి ఆలోచించే తీరిక ఎవరికీ లేదు.

ఆ తర్వాత సుధీంద్ర గారి సొంత నాటకం. ఆయన తెప్పించిన నటుడొకడు పెట్టుడు మీసంతో, అట్టతో చేసిన గండ్రగొడ్డలితో వచ్చి కాలేజీ పిల్లల్ని బెదిరించాడు. పిల్లలు నవ్వు ఆపుకుంటూ అతను చెప్పిన గుర్తు నొక్కారు. నవ్వు ఆపుకోవడానికి చేతులు అదిరాయో ఏమో, యంత్రం అన్నిటినీ పరాధీనం అంది. హాలంతా చప్పట్లు. శాస్త్రం నిరూపణైపోయింది.

అప్పుడు అయస్కాంతం ఆయన మళ్ళీ లేచాడు. "పక్కన పెట్టిన ఓటు నిజంగా నాదేనని నాకెలా తెలుస్తుందండీ? చూపించాలి కదా?"

"చూపించాలి, చూపించాలి" అని హాలు మొత్తం అందుకుంది. టీవీ అమ్మాయి మైకు పట్టుకుని పారదర్శకత, పారదర్శకత అని ఒగర్చింది.

చప్పట్ల కోసం సుధీంద్ర గారు అడిగినవన్నీ ఇచ్చే మనిషి. అక్కడికక్కడే మాట ఇచ్చేశారు. పక్కన పెట్టిన ప్రతి ఓటునూ ఓటరు అరచేతి గుర్తుతో సహా దాస్తారట. అభ్యంతరం ఉన్నవాళ్ళు వచ్చి పలక మీద మళ్ళీ చెయ్యి పెడితే, వాళ్ళు నొక్కిన గుర్తు పెద్ద తెర మీద అందరి ముందూ కనిపిస్తుందట. అది తమ ఇష్టంతోనే వేశామని చెబితే లెక్కలోకి తీసుకుంటారట.

కారులో తిరిగి వస్తుంటే అడిగాను. "ఓటు రహస్యంగా ఉండాలి కదా సార్? తెర మీద వేస్తే ఇంకేం మిగులుతుంది?"

"వాళ్ళే కదమ్మా అడిగింది" అన్నారు ఆయన, ఫోనులో తన ఫొటోలు చూసుకుంటూ. "ప్రజలు అడిగింది ఇవ్వడమే ప్రజాస్వామ్యం."

ఆ వారం చివర ఇంటికి వెళ్ళాను. మా ఏడో వార్డుకి మా పిన్ని నూకరత్నం నిలబడింది. పిన్ని అంటే అమ్మకు సొంత చెల్లెలు. రేవు పక్కన ఇసక దిబ్బ ఉంది, మా వీధుల ఆడవాళ్ళందరూ అక్కడ చేపలు ఎండబెట్టి అమ్ముకుని బతుకుతారు. ఆ దిబ్బను కోల్డ్ స్టోరేజీ కోసం సోంబాబుకి ఇచ్చేయాలని పురపాలక సంఘంలో కాగితాలు సిద్ధమైపోయాయి. వార్డు కౌన్సిలరు సరేనంటే చాలు. ఆ కౌన్సిలరు అవ్వాలని సోంబాబే నిలబడ్డాడు. ఐసు ఫ్యాక్టరీ ఆయనది, బోట్లు ఆయనవి, ఆ బోట్ల మీద వేటకెళ్ళే మగవాళ్ళు మావాళ్ళు. దిబ్బ నిలవాలంటే పిన్ని గెలవాలి, అంతే. ఆయన గుర్తు విమానం. పిన్నికి బకెట్ ఇచ్చారు.

సోంబాబు గొడ్డలి పట్టుకుని తిరిగే రకం కాదు. గొంతు కూడా పెంచడు. ఎన్నికల ముందు వాళ్ళావిడ పట్టుచీర కట్టుకుని, ఇత్తడి చెంబులో సముద్రపు నీళ్ళు, పసుపు వేసి, కర్పూరం వెలిగించుకుని ఇంటింటికీ వస్తుంది. చెంబులో చెయ్యి ముంచి, ఓటు బాబుగారికే అని గంగమ్మ మీద ప్రమాణం చెయ్యాలి. మాట తప్పితే నీళ్ళ మీదికి వెళ్ళిన మనిషి తిరిగి రాడని మావాళ్ళ నమ్మకం. ఇంత చదువుకున్న నేను ఆ చెంబును చూసి నవ్వేదాన్ని. నాకేం, నాకు సముద్రం ఆఫీసు కిటికీలోంచి కనిపిస్తుంది.

దిబ్బ మీద పిన్ని, అమ్మ ఎండబెట్టిన సావిడాయ చేపల్ని తిరగేస్తున్నారు. "అందరూ చెంబులో చెయ్యి ముంచేశారట కదా పిన్నీ, ఇంక నీకు ఎవరేస్తారు?" అన్నాను.

"ముంచకపోతే ఆ రోజే తెలిసిపోద్ది కదే" అంది పిన్ని. "ముంచేరు. కానీ దిబ్బ పోతే ఏం తింటారు? లోపలికెల్లి వణుక్కుంటానైనా నాకే ఏస్తారు. నాతో సెప్పేరు."

"గంగమ్మతో ఆటలేంటే" అంది అమ్మ, తలెత్తకుండా. అమ్మ పేరు కాసులమ్మ. నాన్న నా చిన్నప్పుడే సముద్రం మీద పోయాడు. ఇప్పుడు తమ్ముడు శ్రీను సోంబాబు బోటు మీద వెళ్తున్నాడు. అమ్మ కూడా చెంబులో చెయ్యి ముంచింది. ముంచినా ఓటు సొంత చెల్లెలికే వేస్తుందా అని నేను గాని పిన్ని గాని అడగనైనా అడగలేదు. అడగాల్సిన సంగతి అనిపించలేదు.

పోలింగ్ రోజున మేము మున్సిపల్ ఆఫీసులో తెరల ముందు కూర్చున్నాం. మిగతా వార్డుల్లో పరాధీనం ఓట్లు అక్కడొకటి ఇక్కడొకటి. ఏడో వార్డులో మాత్రం పొద్దున్నుంచే ఎర్ర గీత పైకి పాకడం మొదలైంది. అది చూసి సుధీంద్ర గారి మొహం వెలిగిపోయింది.

"చూశావా ఝాన్సీ, అక్కడ బెదిరింపులు ఏ స్థాయిలో ఉన్నాయో. మనం లేకపోతే ఈ ఓట్లన్నీ ఆ బోట్ల ఓనరు ఖాతాలో పడేవి."

పిన్ని మాట అప్పుడు నా చెవిలో మోగింది. వణుక్కుంటానైనా నాకే ఏస్తారు.

"సార్, పక్కకు పోతున్నవి సోంబాబు ఓట్లు కావు" అన్నాను. "ప్రమాణం నిలబెట్టుకున్నవాళ్ళకి వణుకెందుకు? గుళ్ళో దణ్ణం పెట్టుకున్నంత నిబ్బరంగా నొక్కి వెళ్ళిపోతారు. ప్రమాణం తప్పి ఎదిరించి వేసేవాళ్ళకే ప్రాణం మీదికొస్తుంది. భయపెడితే ఒకరికి వెయ్యడం వేరు, భయం ఉన్నా ఇంకొకరికి వెయ్యడం వేరు. మన యంత్రం రెండోవాళ్ళని తీసి అవతల పారేస్తోంది."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "శరీరానికి రెండూ ఒకటే కదమ్మా."

"శరీరానికి ఒకటే. మీకు కూడా ఒకటేనా? మనం ఎవరి చేతులు పెట్టించి పరీక్ష చేశాం సార్? మన ఆఫీసువాళ్ళవి, మీ స్టూడెంట్లవి. వాళ్ళలో ఎవరి మొగుడు సముద్రం మీద ఉన్నాడు?"

"నువ్వు ఆ కమ్యూనిటీ నుంచి వచ్చావు కాబట్టి ఎమోషనల్ అవుతున్నావు" అన్నారు చాలా దయగా. తర్వాత కాఫీ చల్లారిందని అటెండరు మీద కేకలేశారు. ఆ కాఫీ విషయంలో ఆయన ఎమోషనల్ అవ్వలేదు కాబోలు.

ఓట్లు లెక్కపెట్టారు. సోంబాబు గెలిచాడు. గెలిచిన తేడా కంటే పక్కన పెట్టిన ఓట్లు ఎన్నో రెట్లు ఎక్కువ. వాటిలో సగం తిరిగి వచ్చినా పిన్ని గెలుస్తుంది, దిబ్బ నిలుస్తుంది. ఆ ఓట్లు వేసినవాళ్ళందరి ఫోన్లకీ ప్రభుత్వ భాషలో మెసేజీలు వచ్చాయి, ‘మీ ఓటు పరాధీనమైనదిగా గుర్తించబడినది, పునర్నిర్ధారణకు హాజరు కాగలరు’ అని. చదవడం రానివాళ్ళకి దాన్ని ఎవరు చదివి పెడతారో మెసేజీ రాసిన వెధవకి తట్టలేదు.

అమ్మకు నేనే చదివి పెట్టాను. చదువుతుంటే నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. జీవితమంతా ఐసు ఫ్యాక్టరీ గుమాస్తాకి కూడా దారి ఇచ్చి పక్కకు నిలబడే మా అమ్మ, చెల్లెలి కోసం గంగమ్మనే ఎదిరించింది. అమ్మను చూసి గర్వపడటం నాకు అదే మొదటిసారి. ఆ మాట అమ్మతో అనేశాను కూడా.

అమ్మ లేచి వెళ్ళి పొయ్యి మీద అన్నం చూసింది. తర్వాత అంది, "నాకు ఒంట్లో బాగోలేదే. నేను రాను."

"నువ్వు పిన్నికి అక్కవి. నువ్వే రాకపోతే ఇంకెవరొస్తారమ్మా? వీధంతా నీవైపే చూస్తోంది."

"నిజమే" అంది అమ్మ. "నేను రాకపోయినా తెలిసిపోద్ది." ఆ మాట నాకు అర్థంకాలేదు, అడగనూ లేదు.

విచారణ మళ్ళీ ఆ టౌన్‌హాల్లోనే. అదే అయస్కాంతం ఆయన, అదే టీవీ అమ్మాయి, ముందు వరుసలో సోంబాబు, పక్కన పట్టుచీరలో వాళ్ళావిడ. వేదిక మీద గాజు పలక, దాని వెనక పెళ్ళిపందిరంత తెర. ఒక పక్కన మా వీధి ఆడవాళ్ళు బారుగా నిలబడ్డారు. పొద్దున్నే తలంటుకుని, ఉన్నవాటిలో మంచి చీరలు కట్టుకుని వచ్చారు. పిన్నిని గెలిపించడానికి వచ్చారు. ముందు ఎవరని ఎన్నికల అధికారి అడగ్గానే అందరూ అమ్మకు దారి ఇచ్చారు. అభ్యర్థి సొంత అక్క, ముందు ఆవిడ కాక ఇంకెవరు?

అమ్మ వెళ్ళి పలక మీద చెయ్యి పెట్టింది. తెర మీద విమానం వచ్చింది.

ముందు వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు. నేను తెర వైపు చూస్తూ ఉండిపోయాను, యంత్రం చెడిపోయిందేమోనని వెతికాను, చెడిపోతే బాగుండునని వెతికాను. సుధీంద్ర గారు మాత్రం చేతులు కట్టుకుని సంతోషంగా తల ఊపారు.

"కాసులమ్మ గారూ, ఇది మీ సొంత ఇష్టంతో వేసిన ఓటేనా? అవును, కాదు, ఏదో ఒకటి చెప్పండి" అన్నాడు అధికారి.

అమ్మ కాదంటే గంగమ్మ ముందు, సోంబాబు ముందు మాట తప్పినట్టు. అవునంటే చెల్లెలి ముందు. ఇంత చక్కటి ప్రశ్న తయారు చెయ్యడానికి ఎంతమంది పీహెచ్‌డీలు కూర్చున్నారో నాకు తెలుసు, ఆ మీటింగుల్లో నేనూ ఉన్నాను.

అమ్మ అధికారి వైపు చూడలేదు, పిన్ని వైపు తిరిగింది. "ఒకసారి తప్పేనే రత్నం. చెంబులో చెయ్యి ముంచి, ఇంకోళ్ళకి ఏసేను. ఆ నెల్లోనే వీళ్ళ నాన్న ఎల్లిపోయేడు. ఎవరికీ సెప్పలేదు. ఇప్పుడు శ్రీనుగాడు నీళ్ళ మీదున్నాడు. నీ బకెట్టు మీద ఏలు పెట్టబోయేను, పెట్టలేకపోయేను."

నాన్న పోయింది తుఫాను హెచ్చరిక ఉన్నా సోంబాబు బోటు పంపబట్టి. ఆ సంగతి నాకు తెలుసు, ముందు వరుసలో కూర్చున్న ఆ పెద్దమనిషికి ఇంకా బాగా తెలుసు. ఇన్నేళ్ళూ మా అమ్మ మాత్రం మొగుణ్ణి తన ఓటే చంపిందనుకుని బతికింది. ఆయన తాపీగా రుమాలుతో మెడ తుడుచుకుంటున్నాడు.

పిన్ని వేదిక ఎక్కింది. అమ్మ చెయ్యి పలక మీదనుంచి తీసి తన చేతిలో పెట్టుకుంది.

"నాదేనని సెప్పక్కా."

"రత్నం..."

"సెప్పు. నువ్వేసింది నీ ఓటే. నీ బిడ్డ కోసం ఏసుకున్నావు. వణికిందని వీళ్ళెవరు తీసి పారెయ్యడానికి?"

"నాదే బాబూ" అంది అమ్మ.

"రాసుకోండయ్యా, విమానానికి ఒకటి" అంది పిన్ని అధికారితో. తర్వాత బారులో ఉన్న ఆడవాళ్ళ వైపు తిరిగింది. "ఇంక మీరందరూ ఇళ్ళకెల్లిపోండి. ఎవరూ దీని మీద సెయ్యి పెట్టొద్దు."

నేను పరుగెత్తుకుని వెళ్ళాను. "పిన్నీ, వాళ్ళు చెయ్యి పెడితే నువ్వు గెలుస్తావు. దిబ్బ నిలుస్తుంది. ఒక్క గంట ఓపిక పట్టు."

"మా అక్కది ఊరంతా సూసింది కదే" అంది పిన్ని. గొంతు మామూలుగానే ఉంది, కళ్ళు మాత్రం అలా లేవు. "ఇప్పుడు ఈళ్ళవి సూపిస్తారు. బకెట్టు, బకెట్టు అని తెర మీద పడతా ఉంటే ఆయన అక్కడ కూచుని సూస్తాడు. రేపు పొద్దున్న ఈళ్ళ మగోళ్ళు ఎవరి బోటు ఎక్కాలి? ఎవరూ సూడరంటేనే కదా ఏసేరు. నన్ను నమ్మి వణుక్కుంటా ఏసినోళ్ళని నేనే తీసుకొచ్చి ఇక్కడ నిలబెట్టనా?"

"మరి దిబ్బ?"

"పోద్ది" అంది పిన్ని.

ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకామె ఏడుస్తోంది. ఒకామె మాత్రం "నేను పెడతానే రత్నం, మా ఆయన పోయేడుగా, నాకేం భయం" అంది. పిన్ని ఆమె భుజం మీద చెయ్యి వేసి, నువ్వొక్కదానివి పెడితే మిగతావాళ్ళు ఎందుకు పెట్టలేదని అడుగుతారు, ఒద్దు అని చెప్పి పంపేసింది. బారు విడిపోయి మెట్లు దిగింది. అమ్మ, పిన్ని చివరగా దిగారు, చేతులు వదల్లేదు.

హాలు ఖాళీ కాలేదు, ఆడవాళ్ళు వెళ్ళారంతే. సుధీంద్ర గారు మైకు అందుకున్నారు. ఏడో వార్డులో ఒకే ఒక్క ఓటరు పునర్నిర్ధారణకు వచ్చారని, ఆవిడ నిజంగానే ఒత్తిడిలో ఓటేసినట్టు అందరి ముందూ రుజువైందని, మిగిలినవాళ్ళెవరూ అభ్యంతరం చెప్పలేదు కాబట్టి అంతరంగ నూటికి నూరుపాళ్ళు సరిగ్గా పనిచేసినట్టేనని ప్రకటించారు. ప్రజలు ఇంత దగ్గరగా పరిశీలించి ఆమోదించిన యంత్రం ఇదొక్కటేనని కూడా అన్నారు. సోంబాబు లేచి నిలబడి నమస్కారం పెట్టాడు.

అందరూ చప్పట్లు కొట్టారు. అయస్కాంతం ఆయన కొట్టాడు, టీవీ అమ్మాయి మైకు చంకలో పెట్టుకుని మరీ కొట్టింది, అధికారి కొట్టాడు. నేను ఆ చేతులన్నిటినీ వరసగా చూశాను. ఒక్కటీ వణకలేదు.